నల్లగొండల సీ కోచింగ్: సారు మంచోడు, సిస్టంలే పాతయి

క్లాక్ టవర్ దిక్కు మెట్లెక్కి పోయే ఒక చిన్న సెంటర్ల సీ లాంగ్వేజ్ నేర్చుకున్న. పేరు రాస్తలేను, తిట్టేది కూడా ఉంది గనుక. 45 రోజులు, 2500 రూపాయలు. కనగల్ నుంచి రోజూ బస్సుల వచ్చిపోయిన.

లూపులు, అర్రేలు (ఒకే తీరు విలువల వరుసలు) మామూలే, యూట్యూబ్‌ల చూసినా వస్తయి. పైసలు గిట్టింది స్ట్రక్చర్లను (వేరే వేరే తీర్ల వివరాలు ఒక్క మూటల కట్టేటివి) ఫంక్షన్లకు (ఒక్కో పని చేసే కోడ్ ముక్కలకు) పంపే కాడ. మాది బత్తాయి తోట. అందుకే ‘లోడు’ అని ఒక స్ట్రక్చర్ రాసుకున్న: 20 అక్షరాల పేరు, ఇంట్‌ల (పూర్ణాంకం) కిలోలు, ఫ్లోట్‌ల (దశాంశం) రేటు. తరుగు తీసే ఫంక్షన్‌కు పంపిన. టన్నుకు 50 కిలోలు కోస్తే ఫంక్షన్ లోపల 950 చూపెడుతది, మెయిన్‌లకు (అసలు ప్రోగ్రాంలకు) వస్తే మళ్లా 1000! మా నాయిన చూస్తే సంబురపడుతుండె, తరుగే పోలేదని. నేనైతే రెండు రోజులు సెమికోలన్లు వెతికిన.

సారు నా స్క్రీన్ చూసి నవ్విండు. "పాస్‌బుక్ జిరాక్స్ మీద ఎకరాలు దిద్దితే అసలు బుక్కుల మారుతయా?" అన్నడు. స్ట్రక్చర్ పంపితే నకలే పోతదట. "మరి నిన్న అర్రే పంపితే అసల్దే మారింది గద సార్?" అని అడిగిన. ఉత్త అర్రే పంపితే మెమొరీల దాని అడ్రస్ పోతది, అదే అర్రేను స్ట్రక్చర్ల పెడితే దాంతోపాటు అదీ నకలైతదని బోర్డు మీద డబ్బాలు గీసి చూపెట్టిండు. అంత ఓపిక నేను కాలేజీల చూడలే. యాంపర్సండ్ (&) పెట్టి అడ్రస్ పంపి, లోపల బాణం గుర్తుతోని (->) కిలోలు తగ్గిస్తే 950 నిలబడ్డది. బాణం బదులు స్టార్, చుక్క రాస్తే స్టార్‌కు బ్రాకెట్లు పెట్టాలె, లేకుంటే చుక్కే ముందు పట్టుకుంటది.

ఇగ బాధ. ల్యాబుల ఇంకా టర్బో సీనే, పాత కాలపు కంపైలర్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగ మార్చేది). నా లోడుకు ఆడ సైజాఫ్ (ఎన్ని బైట్లో చెప్పేది) 26 అంటది, ఇంట్ల తమ్ముని ల్యాప్‌టాప్‌ల జీసీసీ (ఇప్పటి కంపైలర్) 28 అంటది. టర్బోల ఇంట్‌కు రెండు బైట్లే గద. పది లోడ్ల అర్రే చేసి రేట్లు స్కాన్‌ఎఫ్‌తోని (కీబోర్డు మీద కొట్టింది చదివేది) తీసుకోబోతే "ఫ్లోటింగ్ పాయింట్ ఫార్మాట్స్ నాట్ లింక్డ్" అని ప్రోగ్రామే పడిపోయింది. ల్యాబ్ చూసే పిల్లగాడు ఏదో ఉత్త ఫ్లోట్ ఫంక్షన్ ఒకటి కింద రాసుకోమన్నడు. రాస్తే నడిచింది, ఎందుకో మాత్రం చెప్పలే. పైగా ముప్పై మందికి 12 సిస్టంలు.

ఐదుకు మూడున్నర ఇస్త. చేరేటోళ్లు పొద్దుగాల ఏడు గంటల బ్యాచ్ అడుగుండ్రి, సాయంత్రమైతే వేరేటోళ్ల వెనుక నిలబడి చూసుడే.