ఏడాది కారానికి ఏ మిర్చి మేలు: చపాటానా, తేజానా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి బస్తాలు రావడం మొదలైతే చాలు, నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఇదే ప్రశ్న. ఈసారి చపాటా తీసుకోవాలా, తేజా తీసుకోవాలా? మధ్యలో ఎవరో ఒకరు 341 రకం మిర్చి సంగతేంటని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా.

తేజాది మంట, చపాటాది రంగు. ఇది తెలియనివాళ్లు వరంగల్ చుట్టుపక్కల ఉండరు. మిర్చి మంటను కొలిచే స్కోవిల్ కొలతలో తేజా లక్ష దరిదాపులకు పోతుంది, చపాటా కొన్ని వేల దగ్గరే ఆగుతుంది. ఇంత తేడా ఉన్నా ఎందుకు తేల్చుకోలేకపోతున్నారంటే, అందరూ మంట దగ్గరే మొదలుపెడతారు. "మా ఇంట్లో కారం గట్టిగా తింటారు" అని ఒకరు, "మా పిల్లలు తట్టుకోలేరు" అని ఒకరు. నేను ముందు చూసేది అది కాదు. మీరు వండే వంటకంలో కారం ఎన్ని చెంచాలు పడాలి? ఈ ఒక్కటి తేలితే ఏ కాయ కొనాలో దాదాపు తేలినట్టే.

మామిడికాయ తొక్కునే తీసుకోండి. మా ఇంట్లో లెక్క నాలుగు గ్లాసుల ముక్కలకు ఒక గ్లాసు కారం, ముప్పావు గ్లాసు దొడ్డుప్పు దంచిన పొడి, అర గ్లాసు ఆవపిండి, కొంచెం మెంతిపిండి, పైన అల్లం ఎల్లిగడ్డ ముద్ద, కాచి చల్లార్చిన నూనె. ఆ గ్లాసు కారం మంట కోసమే పడటం లేదు. ముక్కను పట్టుకుని ఉండే పిండి అదే. ఊరిన రసాన్ని, నూనెను పీల్చుకుని చిక్కటి ముద్దయ్యేది, రేపు అన్నంలో కలిపేది కూడా అదే. అక్కడ గ్లాసు నిండా తేజా కారం పోస్తే మూడో ముద్దకు చెవుల్లోంచి పొగ వస్తుంది. అందుకని తేజా కొన్నవాళ్లు అర గ్లాసుతో ఆపేస్తారు. అప్పుడేమవుతుంది? పిండి తగ్గిపోయి తొక్కు పలచబడుతుంది, నూనె ఒక పక్క, ముక్కలు ఒక పక్క అవుతాయి, ముక్క పాలిపోయినట్టు కనిపిస్తుంది. చిక్కదనం కోసం ఆవపిండి పెంచితే చేదు, ఘాటు ముందుకొస్తాయి. పోనీ కారం తగ్గించాం కదా అని ఉప్పు కూడా తగ్గిస్తే తొక్కు బూజు పట్టే దారి మనమే తెరిచినట్టు. నిలవ ఉంచేది ఉప్పు, పులుపు, నూనె. కారం సగమైనా ఉప్పు సగం కాకూడదు.

చపాటాతో ఈ టెన్షన్ లేదు. గ్లాసుకు గ్లాసు పోసినా నోరు ఓర్చుకుంటుంది, ముక్కకు పిండి దండిగా పడుతుంది, నూనె ఎర్రగా తేరుతుంది. మిరపలోని ఎరుపు నూనెలో కరిగేది, నీళ్లలో కాదు. చపాటాలో ఆ ఎరుపు ఎక్కువ కాబట్టే తొక్కు మీద తేలే నూనె అంత ఎర్రగా ఉంటుంది. టమాటా, ఉసిరికాయ, చింతకాయ ఏ తొక్కుకైనా ఇదే లెక్క. గ్లాసులతో కారం పడే ప్రతి చోటా నా ఓటు చపాటాకే.

రోజువారీ వంటకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. పప్పులో, పచ్చి పులుసులో, సర్వపిండిలో కారం పడేది ఒకటి రెండు చెంచాలు. అక్కడ పిండి పని లేదు, రంగు పని కూడా పెద్దగా లేదు. సర్వపిండిలో చపాటా వేస్తే పిండి గులాబీ రంగులోకి తిరిగి చూడ్డానికి బాగుంటుంది గానీ, పల్లీలు, నువ్వుల కమ్మదనం మధ్య కారం ఎక్కడుందో వెతుక్కోవాలి. అక్కడ తేజానే కావాలి. పచ్చి పులుసుకు నాలుగు ఎండు తేజాలు నిప్పుల మీద కాల్చి, ఉల్లిగడ్డ ముక్కలు, ఉప్పుతో కలిపి నలిపి చూడండి, ఆ ఘాటు చపాటాకు రాదు. చేత్తో నలిపారంటే మాత్రం గంటసేపు వేళ్లు మండుతాయి. మంట పుట్టించే పదార్థం నీళ్లకు వదలదు. ముందు కొంచెం నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడుక్కోండి.

మాంసం కూర దగ్గర నేను రెండూ కలుపుతా. యాట కూరకైనా, అంకాపూర్ పద్ధతిలో వండే నాటుకోడికైనా రెండు పాళ్లు చపాటా, ఒక పాలు తేజా. కూర ఎర్రగా ఉండాలి, చివర్లో ముక్కు కూడా కారాలి. ఇక్కడ చాలామంది చేసే పని, కాగుతున్న నూనెలో కారం వేసి అలాగే వేయిస్తూ పోవడం. చపాటా కారం ఆ వేడికి రెండు నిమిషాల్లో గోధుమరంగుకు తిరుగుతుంది. అంత డబ్బు పోసి కొన్న రంగు అక్కడే మాడిపోతుంది. పొయ్యి మంట తగ్గించి, కారం వేసి ఒక్కసారి తిప్పి, వెంటనే ముక్కలు గానీ నీళ్లు గానీ పోసేయాలి.

ఇక ధర. చపాటాకు 2025లో వరంగల్ పేరుతో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న గుర్తింపు, వచ్చింది. అంతకుముందు నుంచీ అది అగ్గువ కాయేం కాదు. తేజా ధరకు దాదాపు రెట్టింపు పలకడం మామూలే, కొన్నేళ్లు అంతకన్నా పైకి పోయింది. కిలో ధర పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తేజానే లాభంగా కనిపిస్తుంది. మంటనే కొంటున్నామనుకుంటే నిజంగానే లాభం. ఒక చెంచా తేజా చేసే పనికి చపాటా ఎన్ని చెంచాలు పోసినా సరిపోదు. అందుకే ఏడాది కారం మొత్తం చపాటాతో పట్టించుకోమని నేను ఎవరికీ చెప్పను. తొక్కులకు ఎంత పడుతుందో అంత చపాటా, మాంసం కూరలకు ఇంకొంచెం. మిగతాది తేజా. ఇద్దరే ఉండే ఇంట్లో, తొక్కులు బజారులో కొనుక్కునే వాళ్లయితే కిలో తేజా ఏడాది వస్తుంది, చపాటా జోలికి పోనక్కర్లేదు.

కొనేటప్పుడు రెండింటినీ ఒకేలా చూడకండి. తేజా సన్నం కాయ, తొందరగా ఎండుతుంది. పిడికెడు తీసి చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి, విరిస్తే టప్పున విరగాలి. చపాటా వెడల్పు కాయ. పైన ఎండినట్టు కనిపించినా తొడిమె కింద భుజాల దగ్గర మెత్తగా ఉంటుంది. రెండు మూడు కాయలు అడిగి మరీ చీల్చి చూడండి. లోపల గింజల చుట్టూ బూడిదరంగు నూగు కనిపిస్తే ఆ బస్తా వద్దు. ఎంత ఎండబెట్టినా ఆ వాసన పోదు, బూజు విషం అంతకన్నా పోదు. తెల్లగా పాలిపోయిన తాలు కాయలు ఎన్ని ఉన్నాయో కూడా చూసుకోవాలి. తక్కువ ధరకు ఇస్తున్నామన్న చోట అవే ఎక్కువ. పరకాల, నడికూడ, నర్సంపేట వైపు మిర్చి వేసే చుట్టాలుంటే కల్లం దగ్గరే తెచ్చుకోవడం అన్నిటికన్నా మంచిది.

గింజలు తీసేస్తే తేజా మంట తగ్గదా, అప్పుడు చపాటా బదులు అదే తొక్కుకు వాడొచ్చు కదా అని ఒక అక్క అడిగింది. కొంత తగ్గుతుంది. మంట పుట్టేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. ఎండిన కాయ చీలిస్తే గింజలతోపాటు ఆ పొర కూడా కొంత రాలుతుంది కాబట్టి తగ్గినట్టు అనిపిస్తుంది. అయితే అంత సన్నటి కాయలు కిలోలకొద్దీ చీల్చి దులపడం ఎవరివల్ల అవుతుంది? రంగు ఎలాగూ రాదు.

తొడిమెలు తీసి రెండు రోజులు గట్టి ఎండలో పెట్టి గిర్నికి తీసుకుపోతాం, ఇది అందరూ చేసేదే. వరుస మాత్రం గుర్తుంచుకోండి. ముందు చపాటా పట్టించి, తర్వాత తేజా పట్టించాలి. గిర్నిలో ముందు పట్టిన కారం కొంత లోపలే ఉండిపోతుంది. మీకంటే ముందు ఎవరైనా తేజా పట్టించి ఉంటే, మీ చపాటా పిడికెడు వేసి తిప్పించి ఆ మొదటి పొడి వేరే సంచిలో పట్టుకోండి. పొడి వేడివేడిగా వస్తుంది. వెంటనే డబ్బాలో కుక్కితే ఆవిరి పట్టి గడ్డలు కడుతుంది. బట్ట మీద నీడలో పరిచి పూర్తిగా చల్లారాక జాడీకి ఎత్తాలి. పైన ఒక ఇంగువ ముక్క వేస్తే పురుగు రాదని పెద్దలు చెప్తారు, మా ఇంట్లో వేస్తాం.

దాచడంలోనూ రెండింటికీ తేడా ఉంది. వెలుతురు, గాలి తగిలితే పోయేది ముందు రంగు. తేజా పొడి కొంత వెలిసినా దాని మంట అంత తొందరగా తగ్గదు. చపాటా పొడి వెలిసిందంటే ఇక దాంట్లో ఏముంది? అందుకే చపాటాను గాజు సీసాలో పోసి వంటింటి కిటికీలో పెట్టకండి. జాడీ గానీ స్టీలు డబ్బా గానీ, అదీ చీకటి మూల. ఫ్రిజ్‌లో చోటుంటే ఇంకా మంచిది. నేనైతే సగం పొడి కొట్టించి, సగం కాయలుగానే ఉంచి దసరా ముందు మళ్లీ పట్టిస్తా.

మిగతావి రెండు మాటల్లో. 341, వండర్ హాట్ రెండూ నడిమి రకాలు, మంటా రంగూ ఓ మోస్తరు. ఒక్క రకమే కొంటాం, కలపడం మావల్ల కాదు అనేవాళ్లకు అవి చాలు. బ్యాడిగి మంచి కాయే, కానీ చపాటా ఇంటి ముందు దొరుకుతుంటే కర్ణాటక నుంచి తెప్పించుకోవాల్సిన పని లేదు. విడిగా అమ్మే పొడి కొంటే ఒక చెంచా గ్లాసు నీళ్ల మీద చల్లి చూడండి. ఎర్రటి గీతలు వెంటనే కిందికి దిగితే అందులో రంగు కలిపారు.

ఇప్పటికే తేజా అంతా పట్టించేసి, ఇప్పుడు మామిడికాయలు ముందు పెట్టుకుని అడుగుతున్నవాళ్లు కొందరున్నారు. దాన్ని పక్కన పెట్టి కారమంతా కొత్తగా కొనక్కర్లేదు, కొంచెం చపాటా తెచ్చుకుంటే చాలు. తొక్కుకు కావలసిన గ్లాసులో పావు వంతు ఆ తేజా, ముప్పావు చపాటా కలపండి. చపాటా కాయలు కొంచెమే కాబట్టి గిర్ని దాకా కూడా పోవద్దు. బాగా ఎండబెట్టి మిక్సీలో కొంచెం కొంచెంగా ఆపి ఆపి తిప్పి, జల్లించుకుంటే సరిపోతుంది.