మూడడుగుల జిగ్‌జాగ్ రాడ్డు: ఒంగోలు మేడ మీద వాడి చెప్తున్నా

2020లో లాక్‌డౌన్ సడలించగానే ఒంగోల్లో కొన్న జిగ్‌జాగ్ రాడ్డు ఇది, అంటే పట్టుకునే చోట వంపులు తిరిగిన, బరువులెత్తే రాడ్డు. అప్పటి నుంచి మేడ మీద చేతుల ఎక్సర్‌సైజులన్నీ దీంతోనే. బైసెప్స్ (పైచేతి ముందు కండ) రాడ్డని అమ్ముతారు గానీ, నా లెక్కలో ఇది ట్రైసెప్స్‌కే (వెనక కండకే) ఎక్కువ పనికొస్తుంది.

తిన్నటి రాడ్డుతో కర్ల్ (మోచెయ్యి మడిచి బరువు లేపడం) కొడితే అరచేతులు పూర్తిగా పైకి తిరగాలి, మణికట్టు లాగేస్తుంది. దీని వంపుల్లో పట్టుకుంటే అరచెయ్యి కాస్త లోపలికి ఒరిగి ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. కాకపోతే మోచెయ్యి మడవడమే కాదు, అరచేతిని పైకి తిప్పడం కూడా బైసెప్స్ పనే. ఆ తిప్పుడు దీంతో కుదరదు, అందుకు ఒక జత డంబెల్స్ ఉండాల్సిందే. బైసెప్స్ కిందుండే బ్రాకియాలిస్ అనే కండకి మాత్రం అరచెయ్యి ఎటు తిరిగినా ఒకటే.

మా వీధి కుర్రాళ్లు వచ్చి, "అన్నా, బైసెప్స్ ఎప్పుడొస్తాయి?" అంటూ నడుము ఊపి మరీ ఎత్తేస్తుంటారు. పైచేతి కండలో సగానికి పైగా వెనకున్న ట్రైసెప్స్‌దే అంటే ఒక్కడూ నమ్మడు. అద్దంలో ఎదురుగా కనపడదు కదా! దానికి మూడు తలలు, అంటే మూడు పాయలు. పొడవాటి తల ఒక్కటే భుజం దాటి రెక్క ఎముకకు అతుక్కుని ఉంటుంది, అందుకే చేతులు తలపైకి ఎత్తినప్పుడే అది బాగా సాగుతుంది. కూర్చుని రాడ్డును తల వెనక్కి దించి లేపే ఎక్స్‌టెన్షన్‌కి ఈ వంపులు భలే కుదురుతాయి. పడుకుని మోచేతులు మడిచి చాచే స్కల్ క్రషర్‌లోనూ నుదుటి మీదికి కాకుండా తల వెనక్కే దించుతాను, నా మోచేతులకు అదే హాయి. పన్నెండు రెప్స్ (ఎత్తి దించడాలు) శుభ్రంగా వచ్చాకే బరువు పెంచుతాను.

ఇక తిట్టుకునేవి. బరువు ప్లేట్లు జారకుండా బిగించే స్టార్ నట్లలో రబ్బరు వాషర్లు ఎండకు పెళుసెక్కాయి. రెండు సెట్లు కొట్టేసరికి నట్టు వదులై ప్లేట్లు లొడలొడమంటాయి. బరువు తల మీదున్నప్పుడు ఆ చప్పుడు వింటే టెన్షనే. చివరికి స్ప్రింగు క్లిప్పులు వేశాను. సముద్రపు గాలికో, చెమటకో, పట్టుకునే చోట క్రోమ్ పూత పొక్కులు లేచింది. కుట్టుమిషన్ నూనె పలచగా రాసి తుడిచేస్తుంటే తుప్పు పాకడం ఆగింది.

కొనేవాళ్లు రాడ్డు గుల్లదో గట్టిదో ఎత్తి చూసుకోండి. ప్లేట్లు 30 మి.మీ. రంధ్రం ఉన్నవే అడగండి. 50 మి.మీ.వి పెద్ద ఒలింపిక్ రాడ్డుకి, దీనికి నిలవవు.