30×50 ప్లాటుకు ఇంటి పర్మిషన్: చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో ఆన్‌లైన్ సేవ, దాని వెనకున్న రూల్స్ ఎలా ఉన్నాయి?

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, సిరొంచ. బొగ్గు గనుల కోసమో పేపర్ మిల్లు కోసమో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు, తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు ఇల్లు కట్టాలంటే ఇప్పుడు దాటాల్సిన గుమ్మం ఒక్కటే. 2020 డిసెంబర్‌లో మహారాష్ట్ర తెచ్చిన ఏకీకృత నిర్మాణ నియమావళి యూడీసీపీఆర్, దాన్ని అమలు చేసే ఆన్‌లైన్ పోర్టల్ బీపీఎమ్మెస్. రెండూ కలిపి ఒకే సేవ అనుకుంటే 5కి 3 మార్కులు. పోర్టల్‌కు 3.5 ఇవ్వొచ్చు. చిన్న ప్లాటు విషయంలో రూల్స్‌కు మాత్రం 2.5 కంటే ఎక్కువ ఇవ్వలేం. ఎందుకో కింద లెక్కతో సహా ఉంది.

ముందు మంచి సంగతి. 150 చదరపు మీటర్ల వరకు ప్లాటుకు ముందస్తు పర్మిషన్ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆర్కిటెక్ట్ ధ్రువీకరించిన నక్షా (ప్లాను), ఫీజు కట్టిన రసీదు దాఖలు చేస్తే చాలు. 150 నుంచి 300 వరకైతే 10 రోజుల్లో తేల్చాలి. మన లెక్కలో 150 చదరపు మీటర్లంటే దాదాపు 1,615 చదరపు అడుగులు, అంటే 30×50 ప్లాటు హాయిగా ఇందులోకి వస్తుంది. ప్రాణహిత అవతల తెలంగాణలో 2020 టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా ఒక్క రూపాయితో రిజిస్టర్ చేసుకునే వెసులుబాటు 75 గజాల వరకే ఉంది. ఆపైన 500 చదరపు మీటర్ల దాకా, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణ. మొదటి మెట్టులో ఇవతలి ఒడ్డే ఉదారంగా ఉంది.

అయితే "పర్మిషన్ అక్కర్లేదు" అన్న మాటను చాలామంది "కాగితాలు అక్కర్లేదు" అని అర్థం చేసుకుంటున్నారు. పనులన్నీ పాడయ్యేది అక్కడే. దాఖలు చేసిన నక్షా, రసీదు లేకపోతే ఆ ఇల్లు అనధికారమే. బ్యాంకు లోన్ అడిగేటప్పుడు, అమ్మేటప్పుడు అది బయటపడుతుంది.

పోర్టల్ ఎక్కేముందు చేతిలో ఉండాల్సినవి: సాత్‌బారా (7/12 భూమి రికార్డు) లేదా ప్రాపర్టీ కార్డు, మంజూరైన లేఅవుట్ నక్షా, దాని ఎన్.ఏ. (వ్యవసాయేతర వినియోగం) ఆర్డర్, డీపీలో (ఊరి అభివృద్ధి ప్రణాళికలో) ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో చెప్పే జోన్ దాఖలా, భూమి అభిలేఖ్ (భూ రికార్డుల) ఆఫీసు ఇచ్చే మోజణీ (కొలత) నక్షా. ఈ చివరిదానికి ముందే దరఖాస్తు పెట్టండి. మిగతావన్నీ సిద్ధంగా ఉన్నా, కొలతకు తేదీ దొరకక ఫైలు నిలిచిపోవడం మామూలు. కొలిచిన విస్తీర్ణానికీ, సాత్‌బారాలో ఉన్నదానికీ తేడా వస్తే తక్కువ ఉన్నదాన్నే పట్టుకుని నక్షా గీయించడం క్షేమం. లేదంటే పరిశీలనలో తిరిగి వస్తుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. సేల్ డీడ్‌లో ఒక వరసలో, సాత్‌బారాలో ఇంకో వరసలో, ఆధార్‌లో పొడి అక్షరాలతో ఉంటే దరఖాస్తుదారు, యజమాని వేరువేరు మనుషుల్లా కనిపిస్తారు. ఫేర్‌ఫార్ (మ్యుటేషన్) ఎంట్రీలోనే సరిచేయించుకోవడం మేలు. అది కుదరకపోతే ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ జతచేయాలి. తాతల పేరు మీదున్న స్థలమైతే వారసుల పేర్లు ఎక్కించే పని మొదట, నక్షా తర్వాత.

డ్రాయింగ్ దగ్గర ఫైళ్లు తిరిగొచ్చే కారణాలు పదేపదే అవే. ప్లాటు హద్దు గీత మూసుకోకుండా చిన్న సందు మిగలడం, కంప్యూటర్ డ్రాయింగులో గదులు తప్పు లేయర్‌లో ఉండటం, ముందున్న రోడ్డు వెడల్పు లేఅవుట్‌లో ఒకటి, డ్రాయింగ్‌లో ఒకటి ఉండటం. ఇంకొకటి బాల్కనీ. పాత రూల్స్‌లో బాల్కనీ, మెట్లు విడిగా లెక్కించేవారు. ఇప్పుడు అంతస్తు బయటి అంచు గీత, అంటే పీ-లైన్ లోపల ఉన్నదంతా ఎఫ్‌ఎస్‌ఐ (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే అంకె) లెక్కలోకే వస్తుంది. పాత నక్షాను దుమ్ము దులిపి పెడితే లెక్క తప్పుతుంది. ఆర్కిటెక్ట్‌కు పని అప్పజెప్పేముందు పీ-లైన్ పట్టికను విడిగా అడిగి తీసుకోండి.

ఇక అసలు విషయం. ఊళ్లో ఇళ్లు పెరగాలంటే ఎఫ్‌ఎస్‌ఐ పెంచాలని అందరూ అంటారు. చిన్న ప్లాటులో అది అక్కరకు రాని వరం.

9×15 మీటర్ల ప్లాటు, అంటే దాదాపు మన 30×50 అడుగులే తీసుకోండి, 135 చదరపు మీటర్లు. మూల ఎఫ్‌ఎస్‌ఐ 1.1 అంటే 148.5. దానిమీద విడిగా డబ్బు కట్టి తీసుకునే అనుబంధ ఎఫ్‌ఎస్‌ఐ 60 శాతం, అంటే 89.1. మొత్తం 237.6 చదరపు మీటర్లు కట్టుకునే హక్కు. ఇప్పుడు మార్జిన్లు (హద్దు నుంచి కట్టకుండా విడవాల్సిన ఖాళీ) వదలండి: ముందు 3 మీటర్లు, వెనక ఒకటిన్నర, రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున. మిగిలేది 6×10.5, అంటే 63 చదరపు మీటర్లు. గ్రౌండ్ మీద రెండు అంతస్తులు వేసినా 189కే ఆగిపోతుంది. హక్కుగా వచ్చిన 237.6 వాడుకోవాలంటే నాలుగో స్లాబ్ వేయాలి. నల్లరేగడి నేల ఉన్న చోట నాలుగు స్లాబుల పునాది ఖర్చు మామూలు ఉద్యోగి జీతానికి అందదు. ఎఫ్‌ఎస్‌ఐని 1.1 నుంచి 2కు పెంచినా ఈ ప్లాటులో ఒక్క గది కూడా అదనంగా రాదు.

అదే ప్లాటులో ఒక పక్క గోడను హద్దు మీదకు రానివ్వండి. 7.5×10.5, అంటే 78.75. మూడు స్లాబులకు 236.25, హక్కులో దాదాపు మొత్తం వాడకంలోకి వచ్చేసింది. ముందు మార్జిన్‌ను కూడా ఒకటిన్నరకు తగ్గిస్తే 7.5×12, అంటే 90 చదరపు మీటర్లు. కిందా పైనా రెండు స్లాబులతోనే 180 వస్తుంది. కింద ఇంటివాళ్లు, పైన అద్దెకు ఒక వాటా. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి, గనులకు బదిలీ మీద వచ్చేవాళ్లకు కావాల్సింది అచ్చంగా ఇలాంటి వాటాలే.

గోడ హద్దు మీదకు తెస్తే పొరుగువాళ్లతో తగువు రాదా? వస్తుంది, ఒక్కో ఇంటికి విడిగా ఇస్తే. అందుకే ఇది లేఅవుట్ మంజూరు చేసేటప్పుడే తేల్చాలి. వరసలో ప్రతి ప్లాటుకూ ఒకే దిక్కున, ఉదాహరణకు తూర్పు హద్దున, సున్నా మార్జిన్ అని నక్షాలోనే రాయాలి. హద్దు గోడకు కిటికీ పెట్టకూడదు, ఛజ్జా (సన్‌షేడ్) పక్కకు దాటకూడదు, వాన నీరు ఇంటివాళ్ల ప్లాటులోకే దిగాలి. ఈ మూడు షరతులు రాస్తే ప్రతి ఇంటికీ మరో పక్క ఒకటిన్నర మీటర్ల గాలి దారి మిగులుతుంది.

పార్కింగ్ రూల్ ఈ ముడిని ఇంకా బిగిస్తోంది. చిన్న కారు చోటు కూడా 2.3×4.5 మీటర్లు. ముందు వదిలిన 3 మీటర్లలో అది నిలువుగా పట్టదు, పక్కన ఒకటిన్నరలో అసలే పట్టదు. దాంతో కారు ఇంటి పాదంలోకి వస్తుంది, కింద ఒక గది పోతుంది. ఆ 3 మీటర్లు బండికీ పనికిరావు, మనిషికీ పనికిరావు. 150 చదరపు మీటర్ల లోపు ప్లాటుకు కారు చోటు తప్పనిసరి కాకుండా, స్కూటర్ చోట్లు మాత్రం అడిగితే చాలు. చిన్న ఊళ్లకు పార్కింగ్ లెక్క తగ్గించే గుణకం రూల్స్‌లో ఇప్పటికే ఉంది. దాన్ని చివరిదాకా తీసుకెళ్లాలి అంతే.

పాత వార్డుల్లో అడ్డంకి గల్లీ వెడల్పు. 9 మీటర్ల కంటే ఇరుకు రోడ్డు మీద ప్రీమియం ఎఫ్‌ఎస్‌ఐ (డబ్బు కట్టి కొనే అదనపు ఎఫ్‌ఎస్‌ఐ) గానీ టీడీఆర్ (వేరే స్థలం నుంచి కొని తెచ్చుకునే నిర్మాణ హక్కు) గానీ వాడుకోనివ్వరు. 6 మీటర్ల గల్లీలో ఉన్న ఇల్లు ఎంత పాతబడ్డా కూల్చి కట్టడం గిట్టదు. దీనికి మందు మహానగర పాలిక (కార్పొరేషన్) చేతిలోనే ఉంది: మహారాష్ట్ర మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 210వ సెక్షన్ కింద గల్లీకి రెగ్యులర్ లైన్, అంటే రోడ్డు అంచు ఎక్కడిదాకా ఉండాలో చెప్పే గీత, గీయడం. పుణెలో 2020లో ఇదే దారి పట్టారు. రెండు వైపులా ఒకటిన్నర మీటర్ల చొప్పున లైను లోపలికి జరుగుతుంది. ఇల్లు తిరిగి కట్టినప్పుడే ఆ పట్టీ వదలాలి, ఉన్న ఇంటిని ఎవరూ కూల్చరు. వదిలిన స్థలానికి ఎఫ్‌ఎస్‌ఐ అదే ప్లాటులో వాడుకోనివ్వాలి. అది రాతపూర్వకంగా లేకపోతే ఎవరూ ముందుకు రారు. 2011లో కార్పొరేషన్ అయిన చంద్రపూర్‌కు ఈ అధికారం ఉంది. బల్లార్‌పూర్, రాజురా వేరే చట్టం కింద ఉన్న నగర పరిషత్తులు, సిరొంచ నగర పంచాయతీ. అక్కడ డీపీ సవరణ దారిలోనే వెళ్లాలి.

మూడు చోట్ల మాత్రం రూల్ సడలించమని అడగకూడదు, ముందే కనుక్కోవాలి. ఒకటి, చంద్రపూర్ గోండు రాజుల కోట గోడ. జట్‌పురా, పఠాన్‌పురా, అంచలేశ్వర్ ద్వారాల చుట్టుపక్కల స్థలమైతే ముందు గోడకు ఎంత దూరమో కొలిపించండి. పురావస్తు చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధం, ఆపై 200 మీటర్లలో జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ ఎన్‌ఓసీ కావాలి. 150 చదరపు మీటర్ల లోపు ప్లాటుకున్న వెసులుబాటు ఇక్కడ చెల్లదు. రెండు, ఇరై, ఝర్పట్ ఒడ్లు. 25 ఏళ్ల వరద గీత నీలిది, దాని లోపల కట్టడం కుదరదు. 100 ఏళ్ల వరద గీత ఎర్రది. రెంటి మధ్య కట్టాలంటే ప్లింత్ (ఇంటి అరుగు మట్టం) ఎర్ర గీత మట్టానికి 0.45 మీటర్లు పైన ఉండాలి. మూడు, భూగర్భ గనులు. 2022 ఆగస్టులో ఘుగ్గుస్‌లో ఒక ఇల్లు ఉన్నట్టుండి నేలలోకి దిగిపోయింది. కింద పాత గని ఉందో లేదో బొగ్గు గనుల సంస్థ డబ్ల్యూసీఎల్ నక్షాలో చూడకుండా పునాది తవ్వొద్దు. ఈ మూడు గీతలనూ జోన్ దాఖలా మీదే ముద్రించి ఇస్తే పోర్టల్‌కు ఇంకో అర మార్కు కలపొచ్చు.

ఖర్చు సంగతి: రెడీ రెకనర్ ధర (ప్రభుత్వం నిర్ణయించిన భూమి విలువ) మీద లెక్కగట్టే డెవలప్‌మెంట్ చార్జీ, అనుబంధ ఎఫ్‌ఎస్‌ఐ ప్రీమియం, నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మిక సెస్సు. సొంత నివాసం, మొత్తం ఖర్చు రూ.50 లక్షల లోపైతే సెస్సు పడదు; 2025 నవంబర్ దాకా ఈ హద్దు రూ.10 లక్షలే. చలాన్ వచ్చాక ఒకసారి చూసుకోండి. కమెన్స్‌మెంట్ (పని మొదలుపెట్టే) సర్టిఫికెట్ ఏడాది చెల్లుతుంది, ఏటా పొడిగించుకుంటూ మొత్తం 4 ఏళ్లు. గడువు దాటాక పొడిగింపు అడగడం కంటే నెల ముందే అడగడం తేలిక. ఇల్లు పూర్తయ్యాక భోగవటా (ఆక్యుపెన్సీ) సర్టిఫికెట్ తీసుకోవడం మాత్రం మరవొద్దు.

లేఅవుట్ మంజూరు లేని ప్లాటు అయితే ఈ పోర్టల్ పనికిరాదు. మంజూరు లేకుండా ముక్కలు చేసిన ప్లాట్ల కోసం ఉన్న 2001 గుంఠేవారీ చట్టం కింద క్రమబద్ధీకరణ ముందు చేయించుకోవాలి. 2021 సవరణతో ఆ గడువు 2020 డిసెంబర్ 31 నాటి ప్లాట్ల దాకా వచ్చింది.

మార్జిన్, పార్కింగ్ మార్పులు ఊరు తలుచుకుంటే జరుగుతాయి. ఎమ్మార్టీపీ (మహారాష్ట్ర ప్రాంతీయ, పట్టణ ప్రణాళిక) చట్టం 37వ సెక్షన్ కింద పాలిక ప్రతిపాదన పెట్టి, నోటీసు ఇచ్చి, నెల రోజుల్లో అభ్యంతరాలు, సూచనలు తీసుకుని రాష్ట్రానికి పంపాలి. ఆ నోటీసు మరాఠీ పత్రికలో వస్తుంది కాబట్టి మన ఇళ్లలో చాలామంది కంటపడదు. సూచన రాసేటప్పుడు మరాఠీలోనే రాయండి. సర్వే నంబరు, ప్లాటు కొలతలు, పైన చూపిన రెండు లెక్కలు ఒకే పేజీలో పక్కపక్కనే పెట్టి, ఆవక్ (ఇన్‌వార్డ్) నంబరు వేయించుకుని నకలు దగ్గర ఉంచుకోండి.