రేడియో సిటీలో 1,168 డాలర్లు, నేలమాళిగలో ఒక ‘వన్స్ మోర్’

క్రిస్మస్ ప్రదర్శనకు టికెట్టు 187 డాలర్లు. ఐదుగురికి 935. దాని మీద ‘సేవా రుసుము’ పేరుతో మనిషికి 46.75 చొప్పున మరో 233.75. మొత్తం 1,168.75 డాలర్లు కట్టాక న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో మాకు దొరికింది అన్నిటికన్నా పైనున్న బాల్కనీ. నా పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ అదే వరసకు హాలు కౌంటరులో 89 డాలర్లు ఇచ్చిందట. ఆవిడ మామూలుగానే చెప్పింది గానీ నాకు మాత్రం కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. లెక్క వేస్తే 723.75 డాలర్లు ఎక్కువ కట్టాను. అప్పటి రేటున మన డబ్బుల్లో 61 వేల పైమాటే.

ఎలా జరిగిందో చెబుతాను, మరొకరు ఇలా మోసపోకూడదు. 2024 డిసెంబరులో అమ్మానాన్నలను తీసుకుని న్యూయార్క్ పక్కన న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న అక్కావాళ్ళింటికి వెళ్ళాను. క్రిస్మస్ సెలవుల్లో నాన్నకు అక్కడి రంగస్థలం చూపించాలని నా కోరిక. నాన్నది తెనాలి. బడిలో లెక్కలు చెబుతూనే పాతికేళ్ళు పరిషత్తు నాటకాల్లో వేషాలు కట్టారు, కృష్ణుడి పద్యాలకు హార్మోనియం తానే పట్టేవారు. ప్రయాణానికి ముందు ఒక రాత్రి ఫోనులో టికెట్లు వెతికితే అన్నిటికన్నా పైన ఒక సైటు కనిపించింది. పేరులో హాలు పేరు, లోపల హాలు ఫోటోలు, పైన ఎర్ర అక్షరాల్లో గడియారం: ఏడు నిమిషాల్లో కొనకపోతే ఈ సీట్లు పోతాయని. కంగారుపడి కొనేశాను. అది హాలువాళ్ళది కాదు, టికెట్లు కొని తిరిగి అమ్ముకునే దుకాణం. రుసుము సంగతి చివరి పేజీలో గానీ బయటపడలేదు. ఫిర్యాదు రాస్తే మర్నాడు రెండే వాక్యాల జవాబు వచ్చింది: అమ్మకం పూర్తయింది, డబ్బు వెనక్కి ఇవ్వబడదు.

ఆరో అవెన్యూ, 50వ వీధి మూలన ఉంది హాలు. అవకాశం ఉంటే నేరుగా ఆ కౌంటరుకే వెళ్ళండి. న్యూజెర్సీలో అక్కో తమ్ముడో ఉంటే నవంబరులోనే వాళ్ళను ఒకసారి పంపండి. ఆన్‌లైన్‌లో కొనాల్సివస్తే హాలు చిరునామా మీరే టైపు చేయండి, వెతుకులాటలో ముందు వచ్చినదాన్ని నొక్కవద్దు. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య వారం ధరలు మండిపోతాయి, డిసెంబరు మొదట్లో మామూలు రోజుల్లో చూసుకోవడం మేలు.

ఈ సంగతి తెలిశాక నాన్న ముఖం వాడిపోయింది. “నా కోసం ఇంత డబ్బు ఎందుకు తగలేశావు తల్లీ” అని ఒక్క మాట అని ఊరుకున్నారు. అమ్మ నన్ను ఓదార్చబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయింది. అప్పటికి తెర లేవలేదు.

లేచాక ఆయన ముందుకు వంగిన మనిషి వెనక్కి వాలలేదు. ఆ హాలు 1932 డిసెంబరు 27న మొదలైంది, ఈ క్రిస్మస్ ప్రదర్శన 1933 నుంచి ఉంది. దాదాపు ఆరు వేల సీట్లు. వేదిక ముందున్న తోరణం అరవై అడుగుల ఎత్తు. రాకెట్స్ అనే నర్తకీ బృందం, ముప్పై ఆరు మంది, ఒకే వరసలో నిలబడి కాలు ఎత్తితే ముప్పై ఆరు పాదాలు ఒకే గీత మీద ఆగాయి. చెక్క సైనికుల కవాతు కూడా 1933 నాటిదే. తెల్లటి బిర్రు పంట్లాలు, ఎత్తు టోపీలు, మోకాలు వంచకుండా నడక. చివర చిన్న ఫిరంగి పేలుతుంది. మొదటి సైనికురాలు వెనక్కి ఒరిగి రెండో ఆమె మీద, ఆమె మూడో ఆమె మీద, వరి దుబ్బు గాలికి వంగినట్టు నెమ్మదిగా వరసంతా పడిపోతుంది. ఎవరూ తొందరపడరు, చేతులు చాపి నేలను పట్టుకోరు. “వెనకున్న మనిషిని నమ్మితే తప్ప అలా పడలేరు” అన్నారు నాన్న, నా చెయ్యి పట్టుకుని.

వేదిక మొత్తం మూడు ముక్కలుగా పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. వాద్యబృందం కూర్చున్న గొయ్యి కూడా పైకి వస్తుంది. ఇవన్నీ ద్రవపీడనంతో పనిచేసే లిఫ్టులని బావ చెబితే నాన్న కళ్ళు మెరిశాయి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం తాళ్ళతో, కప్పీలతో, చేతిబలంతో చేసిన మాయలను ఆయన చిన్నప్పుడు తెర పక్క నుంచి చూశారు. ఆ తాళ్ళు లాగేవాళ్ళ అరచేతులు కాయలు కాసి ఉండేవని రైలులో ఇంటికి వెళ్ళేదాకా చెబుతూనే ఉన్నారు. ఏసు పుట్టుక ఘట్టంలో నిజం ఒంటెలు, గొర్రెలు, గాడిద వేదిక మీద నడిచి వచ్చినప్పుడు అమ్మ చేతులు జోడించింది.

ఒక్క మాట. ఇది గంటన్నర ప్రదర్శన, మధ్యలో విరామం లేదు. పెద్దవాళ్ళతో వెళితే అరగంట ముందే లోపలికి వెళ్ళి అన్ని పనులూ ముగించుకోండి. ఎడిసన్ నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కు వచ్చే రైలులో 62 దాటినవారికి టికెట్టు తగ్గింపు ఉంది, వయసు రుజువు దగ్గర పెట్టుకోవాలి. అక్కడి నుంచి హాలుకు సబ్‌వేలో, అంటే నేల కింది మెట్రోలో, అప్పట్లో మనిషికి 2.90 డాలర్లు. చలిలో పదహారు వీధులు నడిపించి నాన్న మోకాళ్ళను బాధపెట్టే కన్నా ఆ డబ్బు పెట్టడమే నయం.

మర్నాడు టైమ్స్ స్క్వేర్‌లో ఎర్రమెట్ల కింద ఉన్న టీకేటీఎస్ అనే చవక టికెట్ల కౌంటరులో గంటన్నర నిలబడి, దాదాపు సగం ధరకు ఒక సంగీత నాటకం చూశాం. బాగుంది.

ఇక క్యాబరే. ఈ మాట వినగానే అమ్మ రానంది. మనకు క్యాబరే అంటే జ్యోతిలక్ష్మి, జయమాలిని పాటలే గుర్తుకొస్తాయి కదా. న్యూయార్క్‌లో ఆ మాటకు ఎక్కువగా అర్థం వేరు: చిన్న గది, ఒక పియానో, ఒక గొంతు, పాటకూ పాటకూ మధ్య కొన్ని కబుర్లు. అక్క పావుగంట బతిమాలితే ఒప్పుకుంది.

గది నేలమాళిగలో ఉంది, పేరు రాయను. ప్రకటనలో మనిషికి 35 డాలర్లన్నారు, అంటే మాకు 175. బుకింగ్ రుసుము మనిషికి 5. లోపల కూర్చున్నాక, ప్రతి ఒక్కరూ కనీసం 25 డాలర్ల తిండో పానీయమో తీసుకోవాలని అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంది. ధనుర్మాసంలో అమ్మ బయట తినదు. “ఆవిడకు మినహాయించండి” అని అడిగితే వడ్డించేవాడు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు, రెండో మాట వినలేదు. శాకాహారంలో ఉన్నవి బంగాళదుంప వేపుళ్ళు, ఉప్పులో ఊరిన ఆలివ్ కాయలు, చీజు ముక్కలు. అమ్మ తొమ్మిది డాలర్ల నారింజ రసం గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చుంది. తిండి 131 అయింది. బిల్లులో టిప్పు కింద 20 శాతం సర్వీసు 61.20, పన్ను 11.63. అన్నీ కలిపి 403.83 డాలర్లు. అది చాలక రసీదు అడుగున టిప్పు కోసం మరో ఖాళీ గీత! బావ అలవాటు కొద్దీ 60 అని రాయబోతుంటే అక్క పెన్ను పట్టుకుని ఆపింది. ఇలాంటి చోటికి వెళితే బుక్ చేసేటప్పుడే “మనిషికి అంతా కలిపి ఎంత” అని అడిగి తెలుసుకోండి. టిప్పు ముందే కలిపారేమో బిల్లు చదవండి.

పాట మాత్రం వేరే సంగతి. పాడినావిడకు అరవై దాటి ఉంటాయి. మాకూ ఆవిడకూ మధ్య ఆరడుగుల దూరం. 1940 నుంచి 1967 దాకా ఈ నగరంలో మద్యం అమ్మే గదుల్లో పాడాలంటే కళాకారులు పోలీసుల దగ్గర వేలిముద్రలిచ్చి కార్డు తీసుకోవాల్సి వచ్చేదని చెప్పిందావిడ. బిల్లీ హాలిడే అనే గొప్ప గాయనికి శిక్ష పడ్డాక 1947లో ఆ కార్డు పోయింది. కార్నెగీ హాలు లాంటి పెద్ద వేదిక మీద పాడగలిగింది గానీ ఇలాంటి చిన్న గదుల్లో పాడేందుకు చనిపోయేదాకా ఆ కార్డు మళ్ళీ రాలేదు. అక్క తెలుగులో చెబుతుంటే నాన్న, “పాడటానికి పోలీసు కార్డా?” అని పైకే అనేశారు. అటూ ఇటూ తలలు తిరిగాయి.

తరవాత ఆవిడ మంచు గురించి ఒక నెమ్మదైన పాట పాడింది. చివరి చరణంలో పియానో ఆగిపోయింది. ఒట్టి గొంతు. పై స్థాయికి వెళ్ళే ముందు ఆవిడ భుజాలు కదలలేదు, ఊపిరి ఎక్కడ తీసుకుందో తెలియలేదు. పాట ముగియగానే చప్పట్లకు ముందే నాన్న లేచి నిలబడి, తెనాలిలో పద్యం పూర్తయినప్పుడు అరిచేవాళ్ళలాగా “వన్స్ మోర్!” అన్నారు.

అమ్మ ఆయన చొక్కా పట్టి లాగింది. నాకు గుండె ఆగినంత పనైంది. పాడినావిడ తన కళ్ళ మీద చెయ్యి అడ్డుపెట్టి వెలుతురు అవతలి నుంచి నాన్నను చూసింది, చూసి పియానో ఆయన వైపు తల ఊపింది. అదే చరణం మళ్ళీ పాడింది. ఈసారి నాన్న వైపు తిరిగి, ఇంకొంచెం నెమ్మదిగా. నాన్న నిలబడే విన్నారు.

పెన్ స్టేషన్‌లో రైలు నలభై నిమిషాలు ఆలస్యం. చలికి శాలువా బిగించుకుని నాన్న ఆ చరణాన్ని మాటలు లేకుండా కూనిరాగం తీస్తున్నారు. అమ్మ రెండుసార్లు సరిచేసింది. పై స్థాయి అక్కడ కాదు, ఆ తరవాతి మాట దగ్గరట.