పెన్‌డ్రైవా, యూట్యూబ్ లింకా?

పాప అన్నప్రాశన వీడియో ఎడిటింగ్ అయిపోయింది. 40 నిమిషాలు వచ్చింది. ఇక ఊళ్లో తాతయ్యకీ, డల్లాస్‌లో పిన్నికీ చేర్చాలి.

తాతయ్యకి పెన్‌డ్రైవే నయం. టీవీకి గుచ్చితే చాలు, నెట్‌తో పని లేదు. మెలికంతా ఎక్స్‌పోర్ట్ దగ్గరే, అంటే ఎడిట్ చేసినదాన్ని ఫైల్‌గా బయటికి తీసేటప్పుడే. వీడియోని కుదించే పద్ధతుల్లో కొత్తదైన హెచ్.265 పెడితే ఫైల్ చిన్నదవుతుంది కానీ పాత టీవీలు చాలావాటిలో బొమ్మ రాదు. అందుకే ఎంపీ4 ఫైల్, పాత పద్ధతి హెచ్.264, 1080పీ ఎంచుకున్నాను. బిట్‌రేట్ (సెకను వీడియోకి పట్టే డేటా) 16 ఎంబీపీఎస్ పెడితే ఫైల్ దాదాపు 4.8 జీబీ అయింది. ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు, లోపల ఎంత ఖాళీ ఉన్నా సరే! ఇక్కడే గంటసేపు తల పట్టుకున్నాను. బిట్‌రేట్ 12కి దించాక 3.6 జీబీకి వచ్చింది. బొమ్మలో తేడా నా కంటికైతే తెలియలేదు.

పిన్నికి యూట్యూబ్ లింకే దారి. అన్‌లిస్టెడ్‌గా పెడితే వెతికినా దొరకదు. కాకపోతే ఆ లింక్ ఫ్యామిలీ గ్రూప్ దాటిందంటే ఎవరైనా చూసేయొచ్చు. 15 నిమిషాలు మించిన వీడియోకి ముందు ఫోన్ నంబర్ వెరిఫై చేసుకోవాలి. వెనకాల సినిమా పాట వేస్తే కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. పెన్‌డ్రైవ్‌తో ఆ టెన్షన్ లేదు.