ద్రాక్ష కలిసిన బీరు కోసం బ్రస్సెల్స్‌లో ఒక రోజు

బ్రస్సెల్స్‌లో మాకు మిగిలింది ఒకే ఒక్క రోజు. నగరం నడిబొడ్డున ఉన్న పాత కూడలి గ్రాండ్ ప్లాస్ అంతకుముందు సాయంత్రమే చూసేశాం కాబట్టి, ఆ రోజంతా అందెర్‌లెక్ట్ ప్రాంతంలోని కాంతియోన్ బ్రూవరీకే (బీరు తయారుచేసే చోటు) పెట్టుకున్నాం. మిదీ రైల్వే స్టేషన్ నుంచి నడిచే దూరమే. బయటి నుంచి చూస్తే పాత గోదాములా ఉంటుంది, 1900లో మొదలైన బీరు సంస్థ ఇదేనంటే నమ్మబుద్ధి కాదు.

చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, మీరే తిరిగి చూడండి అన్నారు. ఇది నాకు చాలా నచ్చింది. గైడ్ తొందర లేదు, ఎక్కడ ఎంతసేపు నిలబడాలన్నా మన ఇష్టమే. నేను ఎక్కువసేపు ఆగింది పైకప్పు కింద ఉన్న వెడల్పాటి రాగి తొట్టె దగ్గర. మరిగించిన బార్లీ, గోధుమల రసాన్ని రాత్రంతా అందులో చల్లారనిస్తారు. తోడు వేసినట్టు ఈస్ట్ ఎవరూ కలపరు, గాలిలో ఉన్నదే వచ్చి చేరుతుంది. అందుకే చలి నెలల్లో తప్ప ఈ పని చేయరు. పీపాల మధ్య సాలెగూళ్ళు కూడా దులపరు, పురుగుల్ని సాలీళ్ళే చూసుకుంటాయని.

రుచి చూసే గదిలో మొదట మామూలు లాంబిక్ ఇచ్చారు, అంటే ఇలా గాలిలోని ఈస్ట్‌తో పులిసిన బీరు. నురగ లేదు, పులుపు మాత్రం గట్టిగా ఉంది. మేం వచ్చింది మాత్రం ద్రాక్ష వేసిన వాటి కోసం. బీరులో వైన్ పోసి కలుపుతారేమో అనుకున్నాను. కాదు. పీపాల్లో ఏళ్ళ తరబడి నిలవ ఉన్న లాంబిక్‌లో ద్రాక్షపళ్ళే వేసి నెలల పాటు ఉంచుతారు, వాటి తీపి మళ్ళీ పులుస్తుంది. విన్యెరోన్‌లో తెల్ల మస్కట్ ద్రాక్ష. ముక్కు దగ్గర పెట్టుకోగానే పూలవాసన, గుటక వేశాక పులుపు. సెయింట్ లామ్వినస్‌లో మెర్లో ద్రాక్ష, రంగు ఎర్రన, నాలుక చివర వగరు. కళ్ళు మూసుకుని తాగితే రెడ్ వైన్ అనే అంటారు. నా ఓటు దీనికే. చేదు బీరు ఇష్టపడేవాళ్ళకు మాత్రం రెండూ నచ్చవు, ముందే చెబుతున్నాను.

బస విషయంలో తప్పు చేశాం. దగ్గరని స్టేషన్ పక్క హోటల్ తీసుకుంటే రాత్రంతా రోడ్డు మోత, నిద్రే లేదు. నగరం మధ్యలో దిగి మెట్రోలో రావడమే మేలు.

సెయింట్ లామ్వినస్ ఆ రోజు పెద్ద సీసాలోనే ఉంది. ఇద్దరికీ ఎక్కువే. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయనకు ఒక గ్లాసు పోశాం, ఆయన తన సీసాలోని గూజ్ (పాత, కొత్త లాంబిక్‌లు కలిపి చేసే బీరు) మాకు పోశారు.