పాత టాటా లారీ కొంటున్నారా? ముందు ‘కే’ అక్షరం చూసుకోండి

గుంటూరు మిర్చి యార్డు నుంచి బస్తాలు తోలడానికని ఆమధ్య విజయవాడ ఆటోనగర్‌లో పాత టాటా 1613 కొన్నాను. ముక్కు బండి, అంటే ఇంజన్ బానెట్ క్యాబిన్ ముందుకి పొడుచుకొచ్చినది. ‘‘ఎస్‌ఈ మోడలు అన్నయ్యా, మొదట్నుంచీ లాంగ్ రూటు తిరిగిందే’’ అన్నాడు బ్రోకరు. నమ్మాను. అది ఎస్‌ఈ కాదు, ఎస్‌కే. అంటే పుట్టుకతోనే టిప్పరు. కంకర తోలీ తోలీ అలిసిపోయిన బండికి తొట్టి పీకేసి, చాసిస్ (బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రం) కోసి పొడుగు చేసి, కొత్త చెక్క బాడీ కట్టి నాకు అంటగట్టారు.

ఒక్క అక్షరమే కదా అనుకోకండి. టాటా వాళ్లు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. పేర్ల లెక్క అక్కణ్నుంచి వచ్చిందే. 1613లో 16 అంటే లోడుతో కలిపి బండి బరువు, టన్నుల్లో. 13 అంటే సుమారు 130 హార్స్‌పవర్. పాత 1210దీ ఇదే లెక్క. ముక్కు బండ్లలో ఎస్‌ఈ సరుకు లారీ, ఎస్‌కే టిప్పరు. ముక్కు లేనివాటిలో ఎల్‌పీటీ లారీ, ఎల్‌పీకే టిప్పరు. వెనక గీత పెట్టి 42 అని, 48 అని ఉంటే అది వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం: 4.2 మీటర్లు, 4.8 మీటర్లు.

తేడా మొదటి ట్రిప్పులోనే తెలిసింది. ఖాళీగా వస్తుంటే కమాను కట్టలు (చక్రాల మీది స్ప్రింగు పట్టీలు) వంగవు, గుంత గుంతకీ ఎత్తి పడేస్తుంది. హైవే మీద అరవై దాటితే ఇంజన్ అరుపే గానీ పరుగు లేదు, డీజిల్ మాత్రం తాగేస్తుంది. టిప్పరు క్రౌన్ రేషియో (వెనక ఇరుసులోని పళ్లచక్రాల నిష్పత్తి) లాగుడు కోసం పెట్టింది, పరుగు కోసం కాదు. రెండో నెలలో చెన్నై లోడుతో చిలకలూరిపేట దాటాక కింద టక్కుమని శబ్దం. దిగి దూరి చూస్తే చాసిస్ మీద నల్లరంగు పెచ్చు లేచింది. దాని కింద వెల్డింగ్ అతుకు, ఆ అతుకు వెంట గోరు దూరేంత పగులు. పైన బండి నిండా బస్తాలు. మా డ్రైవరుకి ఇద్దరు చిన్నపిల్లలు. నాకు కాళ్లు వణికాయి.

ఆర్‌సీలో వీల్‌బేస్ రాసి ఉంటుంది. నేను పేరూ, ఫైనాన్సూ చూసి ఆర్‌సీ మడిచేశాను. మీరు అలా చేయకండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి టేపు పెట్టి కొలవండి. ఆర్‌సీకి, టేపుకి పొంతన లేకపోతే అడ్వాన్సు ఇవ్వొద్దు. అనుమతి లేకుండా చాసిస్ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా పేచీ వస్తుంది. చాసిస్‌కి కొత్త రంగు కనిపిస్తే మొహమాటపడకుండా గోకి చూడండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడుని వెనక చక్రాలకి అందించే పొడుగు ఇరుసు) గొట్టానికి అతుకుందేమో చేత్తో తడిమి చూడండి. బాడీ కట్టాక పైనుంచి ఏమీ కనపడదు, కింద పడుకునే చూడాలి.

బ్రోకరు ఫోన్ ఎత్తడం లేదు. బండి షెడ్డులో పెట్టేశాను, ఆ అతుకుతో మళ్లీ రోడ్డెక్కించను. ఆటోనగర్‌లో బండి చూడటానికి ఎవరైనా వెళ్తుంటే ఒక మాట చెప్పండి, టేపు పట్టుకుని నేనూ వస్తాను.